గావర అనే మాట

శంషాబాద్‌లో మా క్లినిక్ ఆయమ్మ పోయింది. ఒక సోమవారం పొద్దున నేను బుద్వేల్‌లో మా ఇంట్లో కాఫీ తాగుతుంటే ఆమె కూతురు ఫోన్ చేసింది. "సార్, అమ్మ లేస్తలేదు" అంది. "నిద్ర లేవడం లేదా?" అని అడిగాను. "లేస్తలేదు సార్" అని మళ్లీ అదే మాట అంది. ముప్పై ఏళ్లుగా వైద్యం చేస్తున్నవాణ్ణి, అయినా రెండోసారి చెప్తేగాని నాకు అర్థం కాలేదు. నేను ఈ స్మృతిలో చెప్పుకోవలసినదంతా ఒక రకంగా ఆ ఫోన్‌లోనే ఉంది. శంషాబాద్ మనిషి ఒక మాట చెప్పడం, నేను దాన్ని ఇంకోలా వినడం.

ఆమెకు పేరు లేకపోలేదు. కానీ పద్దెనిమిదేళ్లలో ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. పెద్దా చిన్నా అందరికీ ఆయమ్మే. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. పొట్టి మనిషి, చీర కుచ్చిళ్లు పైకి దోపి, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకుని వచ్చేది. నా గదికి తలుపు ఉంది గాని దాన్ని ఎప్పుడూ వేయలేదు. ఆకుపచ్చ పరదా ఒకటి ఉండేది. ఆ పరదా అంచు పట్టుకుని నిలబడడం ఆమె పని. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు గంటలు. పట్టుకున్న చోట పరదా నల్లగా మరక పడింది. ఎన్నిసార్లు ఉతికించినా ఆ మరక పోలేదు.

నాది గుంటూరు వైపు. విమానాశ్రయం పనులు జరుగుతున్న రోజుల్లో ఇక్కడ జనం పెరుగుతారని ఎవరో చెబితే వచ్చి క్లినిక్ పెట్టాను. తెలుగు దేశంలో తెలుగువాడికి భాష ఇబ్బంది ఉంటుందని నాకు తట్టలేదు. మొదటి వారంలోనే తెలిసొచ్చింది. పహాడీ షరీఫ్ నుంచి మేకల వ్యాపారం చేసే పెద్దాయన ఒకాయన వచ్చి, "నడిస్తె దమ్మొస్తుంది సార్" అన్నాడు. మా వైపు దమ్ము అంటే సత్తువ, ధైర్యం. "దమ్ము వస్తోందా? మంచిదే కదా! రోజూ ఒక అరగంట నడవండి" అన్నాను. ఆయన నన్ను అదోలా చూసి, సలాం చేసి లేచాడు. అప్పుడు పరదా దగ్గర్నుంచి గొంతు వినిపించింది.

"నడవమంటవేంది సార్, సస్తడు ఆయన! దమ్మంటె ఊపిరి ఆడతలేదు అంటున్నడు."

ఆమె ఊడ్వడానికి పనిలో చేరి అప్పటికి నాలుగు రోజులు. చేతిలో చీపురు అలాగే ఉంది. పెద్దాయనను రెక్క పట్టుకుని వెనక్కు తెచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది. "కూసో పెద్దయ్యా. సార్ కొత్త. జర నేర్సుకుంటడు" అంది. పేషెంటు ముందు నా పరువు తీసిందని, పైగా నన్ను 'నువ్వు' అందని ఒక వారం ముభావంగా ఉన్నాను. ఆమెకు అది తెలియనే లేదు. ఇక్కడ అందరూ అందరినీ అలాగే అంటారని నాకు తర్వాత అర్థమయింది. అప్పటికి ఆమె ఊడ్చే మనిషి కాదు, నా చెవి అయిపోయింది.

హిమాయత్ సాగర్ వైపు రైతు ఒకాయన షుగరు మూడు నెలలైనా దిగలేదు. మందు పెంచాను, మార్చాను, కాస్త గట్టిగా కేకలు కూడా వేశాను. గోలీలు వేసుకుంటున్నానని ఆయన దేవుడి మీద ఒట్టేస్తున్నాడు. ఆయమ్మ పరదా వదిలి లోపలికి వచ్చింది.

"మాపటికి ఏం తింటవే నువ్వు?"

"జొన్న రొట్టె."

"మరి గోలి?"

"సార్ అన్నం తిన్నంక ఏసుకొమ్మన్నడు గదా. నేను మాపటికి అన్నం ఏడ తింట?"

మూడు నెలలు ఆయన నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. మా ఇళ్లలో అన్నం తినడమంటే భోజనం చేయడం. ఆయన ఇంట్లో అన్నం అంటే అన్నమే. కేకలు వేసింది నేను, తలవంచుకుని విన్నది ఆయన. ఆయమ్మ మటుకు నవ్వి, "ఇద్దరు గలిసి షుగర్ పెంచిండ్రు" అంది. ఆ రోజు నుంచి మందుచీటీ మీద నేనేం రాసినా, బయట ఆమె మళ్లీ ఒకసారి చెప్పి పంపేది.

నేను "విరేచనం అయిందా?" అని అడిగితే జనం బిక్కమొహం వేసేవారు. "ఇరేచనం అంటె ఎవలకు తెలుస్తది సార్? దొడ్డికి పోయినవా అని అడుగు" అనేది. చదువుకున్నవాణ్ణి కదా, ఆ మాట నా నోట రాలేదు. ఆ సిగ్గు ఆమెకు లేదు కాబట్టి నా బదులు తనే అడిగేది, అదీ బయట వరసలో కూర్చున్నవాళ్లందరికీ వినపడేలా. అదే మనిషి, కొత్తగా పెళ్లయిన పిల్ల వచ్చి అత్తగారి పక్కన తలవంచుకుని కూర్చుంటే గొంతు పూర్తిగా తగ్గించేది. "అత్తమ్మా, నువ్వు జర బయట గాలికి కూసో" అని పెద్దావిణ్ణి పంపి, పరదా జార్చి, ఆ పిల్ల చెవిలో ఏదో అడిగి, నాకు రెండు ముక్కల్లో చెప్పేది. ఆ రెండు ముక్కలు నేను ఆ పిల్ల నోట వినాలంటే ఏడాది పట్టేది.

విమానాలు దిగడం మొదలయ్యాక మరో ఇబ్బంది వచ్చింది. మా వీధి మీదుగా కిందుగా పోయేవి. అవతలి మనిషి నోరు కదలడం కనిపిస్తుంది, మాట వినిపించదు. ఆయమ్మ చెయ్యెత్తేది. "ఆగుండ్రి, గాలిమోటర్ పోనీ" అనేది. అందరం బొమ్మల్లా ఆగేవాళ్లం. చప్పుడు తగ్గాక చెయ్యి దించి, "ఆ, మోకాలు అన్నవ్" అని వాళ్లు ఆపిన మాట దగ్గరే అందించేది. ఆ విమానాలు దిగే చోటికి దగ్గర్లోనే ఒకప్పుడు వాళ్ల నాయనకు చెల్క, అంటే మెట్ట పొలం, ఉండేదట. ఆ సంగతి ఒక్కసారే చెప్పింది, అదీ కోపంగా కాదు. కందులు బాగా పండేవని మాత్రం అంది.

ఆమె నాకు పదే పదే చెప్పిన మాటలు రెండు. ఒకటి, "మంచిగున్న అన్నోళ్లనే ముందుగాల చూడాలె సార్." నేను ప్రతి పేషెంటునూ "ఎలా ఉన్నారు?" అని పలకరించేవాణ్ణి. వాళ్లు "మంచిగున్న సార్" అనేవారు. అది మర్యాద. పలకరిస్తే ఇంకేమంటారు? నేను దాన్ని జవాబు అనుకుని కాగితం మీద రాసుకునేవాణ్ణి. రెండోది, "నోటి దిక్కు గాదు సార్, చేతి దిక్కు చూడు." నోరు ఏదైనా అంటుందట, నొచ్చే చోటికి చెయ్యి దానంతట అదే పోతుందట. పుస్తకాల్లో దీన్ని పేజీలకు పేజీలు రాస్తారు. ఆమె ఒక్క ముక్కలో చెప్పింది. విన్నాను, మెచ్చుకున్నాను, స్నేహితులకు కూడా చెప్పి గొప్పలు పోయాను. చెయ్యడం మాత్రం ఆమెకే వదిలేశాను.

ఇక్కడ నా తప్పు దాచుకోకుండా చెప్పాలి. మొదటి ఒకటి రెండేళ్లు నేను వాళ్ల మాటలు నేర్చుకోవాలని ప్రయత్నించాను. ఒక నోటుబుక్కు కూడా పెట్టాను. తర్వాత పేషెంట్లు పెరిగారు. విమానాశ్రయంలో సామాన్లు మోసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, కార్లు నడిపేవాళ్లు, వాళ్ల అమ్మలు, అత్తలు. ఒక్కొక్కరికీ నాలుగు నిమిషాలు. నోటుబుక్కు అటకెక్కింది. అవసరం ఏముంది, ఆయమ్మ ఉంది కదా? పేషెంటు చెబుతుంటే నేను రాసుకునేవాణ్ణి, చివర తలెత్తి పరదా వైపు చూసేవాణ్ణి. ఆమె "సార్, ఇది ఉత్త సర్ది" అనో, "ఈమెకు పట్టీ తియ్యాలె" అనో అనేది. సర్ది అంటే జలుబు, పట్టీ అంటే ఈసీజీ. పక్కగదిలో యంత్రం ఉంది. ఆమె తియ్యాలె అంటే తీసేవాణ్ణి. చాలాసార్లు ఆమె అన్నది నిజమయ్యేది. ఆ పట్టీలు పట్టుకుని పెద్ద దవాఖానకు వెళ్లి బతికి వచ్చినవాళ్లు నాకు దండాలు పెట్టేవారు. నేను పుచ్చుకునేవాణ్ణి.

అలా ఏళ్లు గడిచేసరికి, పేషెంట్లు చెప్పేది నేను వినడం మానేశానన్నమాట. ఆమె చెప్పేదే వినేవాణ్ణి. అప్పట్లో అది సుఖంగానే ఉండేది.

శనివారాలు ఒంటిపూటే. ఆమె పోవడానికి ముందు శనివారం మధ్యాహ్నం ఆఖరి పేషెంటు వెళ్లిపోయాడు. నేను ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నాను. ఆయమ్మ పరదా దగ్గరే ఉంది.

"సార్, రెండు దినాల సంది గావర గావర అయితుంది."

అంతకు ముందు వారమంతా ఆమె కూతురి గొడవే నడిచింది. ఆ అమ్మాయి విమానాశ్రయంలో ఊడ్చే పనిలో ఉంది. కొత్త కాంట్రాక్టరు వచ్చాడు, లోపలికి వెళ్లే పాసు ఇంకా చేతికి రాలేదు. ఆయమ్మ రోజూ ఆ సంగతి ఎత్తుతూనే ఉంది. మా వైపు గాబరా అంటే కంగారు, అంతే. ఇంకో అర్థం లేదు.

"అమ్మాయి పాసు గురించా?" అన్నాను.

"గది గూడ ఉన్నది సార్" అంది.

"వస్తుందిలే. ఊరికే గాబరా పడకు ఆయమ్మా, ఏం కాదు."

"గట్లనే సార్" అంది. గది తుడిచింది. ఈసీజీ యంత్రం మీద గుడ్డ కప్పింది. రెండు అరటిపళ్లు ఉంటే ఇచ్చాను, కొంగులో కట్టుకుని వెళ్లింది.

'గది గూడ ఉన్నది.' అది కూడా ఉందంటే, ఇంకోటి ఏదో ఉందన్నమాటే కదా. ఆ 'గూడ' నా చెవిన పడింది. పడిందని చెప్పగలను, ఎందుకంటే ఇప్పటికీ వినిపిస్తోంది. ఇంకోటి ఏమిటని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. అందరి తరఫునా నన్ను దబాయించిన మనిషి తన సంగతి వచ్చేసరికి గట్లనే అని ఊరుకుంది. తన కోసం పరదా పట్టుకుని "ఈమెకు పట్టీ తియ్యాలె సార్" అనడానికి అక్కడ ఎవరున్నారు? పేషెంట్ల స్టూలును రోజూ రెండుసార్లు తుడిచేది గాని, పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ దాని మీద కూర్చోలేదు. ఆ రోజు కూర్చుని ఉంటే నేను తలెత్తేవాణ్ణేమో. ఆమె చెయ్యి ఆ సమయంలో ఎక్కడుందో నాకు తెలియదు. ఎంత గుర్తు చేసుకున్నా చెయ్యి కనిపించదు. నేను చూడలేదు.

సోమవారం నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఆమెను చాప మీద పడుకోబెట్టారు. పొద్దున లేచి, చాయ్ పెట్టి, పొంగకముందే పొయ్యి ఆపి, గోడకు ఆనుకుని కూర్చుందట. నాడి చూశాను. చూసేందుకేమీ లేదని తెలిసినా వాళ్లందరూ నన్నే చూస్తున్నారు కాబట్టి చూశాను. కూతురు నా పక్కన చతికిలబడింది.

"రెండు మూడు దినాల సంది రొమ్ముల గావరైతుంది, గావరైతుంది అన్నది సార్" అంటూ ఆ అమ్మాయి తన ఛాతీ మధ్యలో పిడికిలి పెట్టి బిగించి, వదిలి, మళ్లీ బిగించింది. "నిన్న పెద్ద దవాఖానకు పోదాం పా అన్న. ఇననే లేదు. సార్‌కు చెప్పిన, గావర పడొద్దన్నడు, ఏం గాదన్నడు అన్నది."

ఆ పిడికిలి చూశాక గాని నాకు ఆ మాట అర్థం కాలేదు. పద్దెనిమిదేళ్లు ఈ ఊళ్లో ఉండి, వందల మంది నోట విని, ఆ మాటకు కంగారు అని అర్థం చెప్పుకున్నాను. గుండె పట్టేసినా, ఊపిరి అందకపోయినా, లోపల ఏదో జరగరానిది జరుగుతోందని ఒంటికి తెలిసినా వీళ్లు అనేది ఆ ఒక్క మాటే. గుండెపోటేనని కాగితం మీద రాయడానికి నా దగ్గర రుజువు లేదు. కానీ నాకు తెలుసు. ఆమెకు నేనిచ్చిన వైద్యం 'గాబరా పడకు' అనడం. ఆమె దాన్ని డాక్టరు మాటగా తీసుకుంది. మందుచీటీలాగే నమ్మింది.

చెప్పేయాలనుకున్నాను. ఆ అమ్మాయి ముఖం చూసి, "నాకు అర్థం కాలేదమ్మా" అన్నాను.

"మాకు గూడ అర్థమైతలేదు సార్. మంచిగున్న మనిషి. గింతల ఎట్ల పోయిందో" అని ఏడ్చింది.

"అది కాదమ్మా. ఆమె చెప్పింది. నేనే పొరపాటు చేశాను."

"నీ పొరపాటు ఏముంటది సార్? పద్దెనిమిదేండ్లు ఇంట్ల మనిషి లెక్క చూసుకున్నవ్." ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని, నా చేతి మీద చెయ్యి వేసింది. "నువ్వు గావర పడకు సార్" అంది.

తప్పు ఒప్పుకోవడానికి కూడా నాకు ఆయమ్మ కావలసి వచ్చింది. ఆమె ఉండి ఉంటే రెండు ముక్కల్లో తేల్చేసేది. "సార్ తప్పు జేసిన అంటున్నడు బిడ్డా, ఇను" అనేది. ఎవరూ అనలేదు. చాయ్ ఇచ్చారు, తాగి వచ్చాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయి చదివినా, సార్ అమ్మ గురించి ఎంత మంచిగ రాసిండు అనుకుంటుందేమోనని భయంగా ఉంది.

పాత కేసు కాగితాలు తీశాను. నేను 'ఆందోళన' అని రాసుకున్న చోట్లు ఒక్కొక్కటీ చూస్తూ పోయాను. కొన్నిటి మీద ఈసీజీ తీసినట్టు ఉంది. అవి ఆయమ్మ కలగజేసుకున్నవి. కొన్నిటి మీద లేదు. అవి ఆమె సెలవు పెట్టిన రోజులవో, చాయ్ తేవడానికి పోయిన క్షణాలవో. ఆ మనుషులు తర్వాత మళ్లీ వచ్చారా లేదా అని చూడడం మొదలుపెట్టి, సగంలో ఆపేశాను. ఆ ధైర్యం నాకు లేదు.

పరదా దగ్గర ఇప్పుడు ఎవరూ లేరు. మనిషిని పెట్టుకోవచ్చు. కానీ ఎవరిని పెట్టుకున్నా ఊడుస్తారు, పేర్లు పిలుస్తారు, అంతే. నోటుబుక్కు అటక మీంచి దింపాను. గావర అని రాసి, ఎదురుగా అర్థం రాశాను. ఈ వయసులో ఇక ఎన్ని మాటలు రాసుకుంటాను? నేను తప్పుగా విన్నానని తెలిస్తే కదా రాసుకోవడం! తప్పుగా విన్నవాడికి తప్పుగా విన్నానని తెలియదు.

నిన్న సాయంత్రం ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. స్టూలు మీద కూర్చుని, "జర గావరైతుంది సార్" అంది.

నేను గబుక్కున లేచాను. కుర్చీ వెనక్కి పడింది. "ఎక్కడమ్మా? ఎప్పటినుంచి? చెయ్యి పెట్టి చూపించండి. పదండి, ఈసీజీ తీద్దాం, వచ్చి పడుకోండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆమె బెదిరిపోయింది. "ఏం లేదు సార్, ఊకెనే అన్న. గ్యాస్ కావచ్చు. ఒక గోలి రాసియ్యి, చాలు."

"అది కాదమ్మా, భయపడకండి, ఊరికే చూద్దామని..."

ఆమె నా మాట వినడం లేదు. సాయానికన్నట్టు పరదా వైపు చూస్తోంది. పాత పేషెంటే అయి ఉంటుంది. నేనూ అటే చూశాను. ఫ్యాను గాలికి పరదా కదులుతోంది. అప్పుడే విమానం ఒకటి మీదుగా వచ్చింది. ఆగండని చెయ్యెత్తేవాళ్లు లేరు. ఆమె లేచి ఏదో అంది, పెదాలు కదిలాయి. నేనూ ఏదో అన్నాను. బయటకు పోతూ పరదాను ఒక చేత్తో పక్కకు తీసింది, సరిగ్గా ఆ మరక దగ్గర పట్టుకుని. ఈసారి చేతి దిక్కు చూశాను. రెండో చెయ్యి పిడికిలి బిగించి రొమ్ము మధ్యలో ఉంది.

అరిచాను. ఆ చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు. నేను వీధిలోకి వచ్చేసరికి ఆమె ఎక్కిన ఆటో మలుపు తిరిగింది. లోపలికి వచ్చేసరికి పరదా ఇంకా ఊగుతూనే ఉంది.